మెట్ల మీద వచ్చే మనిషి

దిగులమ్మ అసలు పేరు అది కాదు. అక్క పెళ్ళప్పుడు పందిరికి కట్టిన రంగుబల్బులు ఎక్కడ అంటుకుంటాయోనని, బిందెడు నీళ్ళు పక్కన పెట్టుకుని పందిరి గుంజ దగ్గర కూర్చుంది. పీటల మీదున్న బావ అది చూసి, "కరెంటు మంట మీద నీళ్ళు పోసి మమ్మల్నందర్నీ ఒకేసారి పైకి పంపుతావా మరదలా?" అని నవ్వి ఆ పూటే ఆ పేరు పెట్టేశాడు. పేరు పెట్టినవాడూ మరిచిపోలేదు, పెట్టించుకున్నదీ మారలేదు.

అలాంటి మనిషి దేశం కాని దేశంలో పదేళ్ళు ఒంటరిగా ఎలా నెట్టుకొచ్చిందంటే, భయపడుతూనే నెట్టుకొచ్చింది. కట్టుకున్నవాడు రెండేళ్ళ ఆడపిల్లని ఒళ్ళో వదిలేసి చెప్పాపెట్టకుండా పోతే, ఆ పిల్లని అక్క చేతుల్లో పెట్టి విమానం ఎక్కింది. ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు ఉతికే చోట పనికి కుదిరింది. ఉతకడం, ఆరబెట్టడం, ఇస్త్రీ చేసి మడత పెట్టడం, మడతల్ని తోపుడుబండిలో పేర్చి అంతస్తులకి చేర్చడం. చేతులు ఆ పని నేర్చుకున్నాయి గానీ గుండె మాత్రం దేనికీ అలవాటు పడలేదు.

అక్కకి పిల్లల్లేరు. పిల్ల అక్కని అమ్మా అంది, బావని నాన్నా అంది, ఫోనులో కనపడే కన్నతల్లిని పిన్నీ అంది. ఎవరికి ఎవరు ఏమవుతారో అందరికీ తెలుసు, పిల్లకీ తెలుసు. పిలుపులు అలా పడిపోయాయి, అంతే. ఇంట్లో పిల్లని గువ్వ అంటారు.

ఆ గువ్వని తెచ్చుకోవాలంటే ఇక్కడ ఒక పద్ధతి ఉంది. పిల్లకి పదమూడు నిండకముందే కాయితాలు పెట్టాలి. పెట్టి ఊరుకుంటే చాలదు. పిల్ల స్వయంగా వచ్చి, ఆఫీసులో అధికారి ఎదురుగా, పక్కన ఇంటివాళ్ళెవరూ లేకుండా కూర్చుని, "మా అమ్మ దగ్గర ఉండటం నాకిష్టం" అని తన నోటితో చెప్పాలి. పదమూడు దాటిందా, ఆ దారి మూసుకుపోయినట్టే. గువ్వకి ఇంకా రెండు నెలలే ఉంది. బడికి పన్నెండు రోజులు సెలవులొచ్చాయి. ముగ్గురూ ఆ సెలవులకి వస్తున్నారు. పదకొండో రోజు ఆఫీసు. వచ్చేది ముగ్గురు, తిరిగెళ్ళేది ఇద్దరు అని పెద్దవాళ్ళు మాట్లాడుకున్నారు. గువ్వనీ అడిగారు. "ఉంటా. పిన్ని వాళ్ళింటికి లిఫ్టు ఉందటగా" అంది.

ఆ మాట విని దిగులమ్మ పట్టరాని సంతోషంతో ఏడ్చింది. ఏడుపు ఆగాక లిఫ్టు సంగతి గుర్తొచ్చింది.

నాలుగేళ్ళ కిందట హోటల్లో సామాను లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. లోపల దిగులమ్మ, ఆమె దుప్పట్ల బండి. లైటు కూడా పోయింది. రెండున్నర గంటల తరవాత తలుపు తెరిచేసరికి దుప్పట్ల మధ్య ముడుచుకుని పడుంది. ఒక దుప్పటి అంచంతా గోళ్ళతో పీకేసి ఉంది. ఆనాటి నుంచి మళ్ళీ లిఫ్టులో కాలు పెట్టలేదు. బండిని లిఫ్టులో పంపించి, తను మెట్ల మీద పరిగెత్తుకెళ్ళి పైన అందుకుంటుంది. పని చూసే పెద్దావిడ మొదట తిట్టింది, తరవాత నవ్వింది, ఇప్పుడు చూసీ చూడనట్టు ఊరుకుంటోంది. దిగులమ్మ ఉండే ఇల్లు ఆరో అంతస్తు. నూట ఎనిమిది మెట్లు. రోజూ ఎక్కుతుంది, రోజూ దిగుతుంది.

వాళ్ళొచ్చిన రోజు టాక్సీలోంచి ఐదు పెట్టెలు దిగాయి. అందులో రెండు గువ్వవి. ఉండిపోయే పిల్ల కదా, అక్క చిన్నప్పటి బొంతతో సహా సర్దింది. గువ్వ తల్లిని ఒకసారి వాటేసుకుని, వదిలేసి, సరాసరి లిఫ్టు దగ్గరికెళ్ళి మీట నొక్కింది.

"వద్దమ్మా, వద్దొద్దు. మెట్లెక్కి పోదాం" అంది దిగులమ్మ, పిల్ల భుజం పట్టుకుని వెనక్కి లాగి.

"ఏం, పాడైందా?" అన్నాడు బావ.

"పాడవలేదు బావా. పాడవదని మాత్రం ఏముంది?"

బావ ఐదు పెట్టెల వంక చూశాడు, మెట్ల వంక చూశాడు, పెళ్ళాం మోకాళ్ళ వంక చూశాడు. "విమానంలో ముప్ఫై వేల అడుగులు పైకెక్కి వచ్చాం కదా దిగులమ్మా, ఈ ఆరంతస్తుల దగ్గరా మా ప్రాణాలు పోయేది?"

"మీరు అందులో ఎక్కితే నా ప్రాణం పోతుంది" అంది. ఆమె మొహం చూస్తే అది మాటవరసకి అన్నట్టు లేదు.

"పోనీలెండి, దాని ఇంటికొచ్చాం, దాని మాట విందాం" అని అక్క చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది. మూడో అంతస్తులో ఒకసారి కూలబడింది, ఐదో అంతస్తులో ఇంకోసారి. బావ పెట్టెల్ని రెండు విడతలుగా మోసుకొచ్చి, గుమ్మంలోనే చతికిలపడి, "చుట్టపు చూపుగా వచ్చామనుకున్నా, హమాలీ పనికి రప్పించావు" అన్నాడు. అందరూ నవ్వారు. గువ్వ కూడా నవ్వింది. నవ్వుతూనే లిఫ్టు తలుపు వైపు ఒకసారి తిరిగి చూసింది. దిగులమ్మ అది చూసి పిల్లని లోపలికి నడిపించింది.

ఇంట్లో ప్రతి చోటా చీటీలు అంటించి ఉన్నాయి. వాళ్ళొస్తున్నారని వారం ముందు నుంచీ కూర్చుని రాసింది. పొయ్యి దగ్గర 'వేడి. దగ్గరికి రావద్దు'. కిటికీ మీద 'తెరవవద్దు, వంగవద్దు'. స్నానాల గదిలో 'జారుతుంది'. బల్లకి నాలుగు మూలలా గుడ్డ చుట్టి, దాని మీద కూడా 'మూల'.

బావ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చదువుకుంటూ వెళ్ళి, "మంచానికి ఏమీ రాయలేదేం? దాని మీద నుంచి మనుషులు పడరా?" అన్నాడు.

"మంచం కాళ్ళు తీసేశాను బావా, ఎత్తు ఎక్కువని."

బావ కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

దిగులమ్మ పనికి ఆ పన్నెండు రోజులూ సెలవు పెట్టింది. గువ్వకి ఊరు చూపించాలని ఎంత అనుకుందో. తీరా పొద్దున్నే లేచేసరికి ఏదో ఒకటి అడ్డొచ్చేది. ఒకరోజు గాలి ఎక్కువగా ఉంది, చెట్ల కొమ్మలు విరిగి పడితే. ఒకరోజు సెలవుల జనం ఎక్కువ, చెయ్యి వదిలేస్తే. ఒకరోజు అక్క మోకాళ్ళు వాచాయి, అది మాత్రం నిజంగానే. దాంతో అక్క దిగడమే మానేసింది. "దిగడం సరే, మళ్ళీ ఎక్కాలి కదే" అనేది. బావ ఒక్కడే పొద్దుటి పూట కిందికెళ్ళి వీధి చివరిదాకా నడిచొచ్చేవాడు. అతను లిఫ్టులోనే తిరుగుతున్నాడని దిగులమ్మకి అనుమానం. అడగలేదు. అవునంటే అతను వచ్చేదాకా ఊపిరాడదు.

గువ్వ మాత్రం కిటికీ అద్దానికి ముక్కు ఆనించి కూర్చునేది. కింద పిల్లలు సైకిళ్ళు తొక్కుతుంటే చూసేది. "ఎప్పుడు వెళ్దాం పిన్నీ?" అని మొదట్లో రోజుకి పదిసార్లు అడిగింది. "రేపు" అనేది దిగులమ్మ. ఐదో రోజుకి అడగడం మానేసింది. అడగడం మానేస్తే పిల్ల కుదుటపడిందనుకుంది ఆ పిచ్చితల్లి.

ఏడో రోజు అక్క వంటగదిలో పిలిచి చెప్పింది. "ఒసే, నీ కూతురు ఇక్కడ ఉండాలా వద్దా?"

"అదేం మాటే అక్కా."

"దాని పెట్టె నిండా బట్టలు నా చేతులతో సర్ది తెచ్చాను. సర్దేటప్పుడు నా గుండెని ఎవరో పిండినట్టయింది. అయినా తెచ్చాను. నీ పిల్లని నీకు అప్పజెప్పాలని. నువ్వేమో దాన్ని గాజుబొమ్మని చేసి కూర్చోబెట్టావు. అది ఒక్కటి అడిగింది, లిఫ్టు. ఒక్కసారి ఎక్కించలేవా?"

దిగులమ్మ ఆ రోజంతా ఆ మాటే నమిలింది. ఎనిమిదో రోజు పొద్దున తలస్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఏదో యుద్ధానికి పోతున్నట్టు చెప్పులేసుకుని, "పద గువ్వా, లిఫ్టెక్కుదాం" అంది. గువ్వ నమ్మలేదు. నమ్మాక ఎగిరి గంతేసింది. మీట తనే నొక్కింది. తలుపు తెరుచుకుంది. పిల్ల ముందు, తల్లి వెనక.

తలుపు మూసుకున్న చప్పుడుకి దిగులమ్మ ఉలిక్కిపడి గువ్వ మణికట్టు పట్టుకుంది. ఐదు దాటింది. నాలుగు దాటే లోపు లిఫ్టు కొంచెం కుదిపింది. ఎప్పుడూ కుదిపినట్టే కుదిపింది. అంతే, దిగులమ్మ గోడకున్న మీటలన్నీ రెండు అరచేతులతో బాదేసింది. ఎర్రమీట కూడా వాటిలోనే ఉంది. లిఫ్టు నిజంగానే ఆగింది. గంట మోగుతూ ఉండిపోయింది. ఆమె పిల్లని మూలకి నొక్కేసి, మీద పడి, "దేవుడా, దీన్ని వదిలెయ్, నన్ను తీసుకో" అని గొణుగుతూ కూర్చుంది.

కింద కాపలా మనిషి ఏం చేశాడో, రెండు నిమిషాల్లో లిఫ్టు మూడో అంతస్తులో నిలబడి తలుపు తెరుచుకుంది. ఆ రెండు నిమిషాలూ గువ్వే తల్లి వీపు నిమిరింది. "ఏం కాలేదు పిన్నీ. నేనున్నాగా. ఏం కాలేదు" అంటూ. పన్నెండేళ్ళ పిల్ల గొంతు అప్పుడు అచ్చం అక్క గొంతులా ఉంది. బయటికొచ్చాక చూస్తే పిల్ల మణికట్టు మీద నాలుగు వేళ్ళ గుర్తులూ కందిపోయి ఉన్నాయి.

ఆ తరవాత రెండు రోజులు గువ్వ చాలా బుద్ధిగా ఉంది. వంటగదిలోంచి బయటికొచ్చే ముందు పొయ్యి మీట తిప్పి చూసేది. రెండడుగులు వేసి వెనక్కొచ్చి మళ్ళీ చూసేది. తలుపు గొళ్ళెం మూడుసార్లు లాగి చూసేది. అచ్చం తల్లి చేసినట్టే.

దిగులమ్మ కళ్ళు మెరిశాయి. పదేళ్ళ తరవాత మొట్టమొదటిసారి పిల్లలో తన పోలిక కనిపించింది. "చూశావా అక్కా, ఎవరూ నేర్పకుండానే" అంది మురిసిపోతూ. అక్క పిల్ల మణికట్టు వంక చూసింది. బావ అలవాటు కొద్దీ, "ఇంకేం, చిన్న దిగులమ్మ తయారైంది" అన్నాడు. గొళ్ళెం మీద చెయ్యి పెట్టిన గువ్వ ఆ మాట విని, చెయ్యి తీసేసి, లోపలికెళ్ళి పడుకుంది. తలనొప్పి అంది.

పదకొండో రోజు ఆఫీసుకి బయల్దేరారు. అక్క మోకాళ్ళకి గుడ్డ కట్టారు. ఆఫీసు తొమ్మిదో అంతస్తులో. గంట ముందే చేరుకున్నారు, దిగులమ్మ ఉన్నాక ఆలస్యం ఎందుకవుతుంది. కింద మూడు లిఫ్టులున్నాయి. మెట్లు ఎక్కడని అడిగితే కాపలా మనిషి వింతగా చూసి, మూలనున్న ఇనుప తలుపు చూపించాడు.

"ఈ ఒక్కరోజుకి మాతో రావే" అంది అక్క. "తల్లినీ పిల్లనీ ముందు కలిపి కూర్చోబెడతారట. ఆ తరవాతే పిల్లని ఒక్కదాన్నీ అడుగుతారట."

"గంట ఉంది కదా. మీరు పదండి, వెనకే వచ్చేస్తా. నాకు మెట్లు కొత్తా?"

మెట్లు కొత్త కాదు. ఆ తలుపులు కొత్త. తొమ్మిది అంతస్తులూ ఎక్కి, రొప్పుతూ తలుపు తోస్తే తెరుచుకోలేదు. లాగింది, రాలేదు. ఆ తలుపులు లోపలివాళ్ళు ప్రమాదమొస్తే బయటపడటానికి పెట్టినవి. లోపలి వైపు నుంచే తెరుచుకుంటాయి, మెట్ల వైపు నుంచి రావు. ఆ సంగతి ఆమెకెవరు చెప్తారు? మెట్లెక్కి ఆఫీసుకొచ్చే మనుషులు ఉంటారని కట్టినవాళ్ళు మాత్రం అనుకున్నారా? తట్టింది. అరిచింది. ఎనిమిదికి దిగి చూసింది, ఏడుకి దిగి చూసింది, మళ్ళీ పైకొచ్చింది. అక్కకి ఫోను చేస్తే ఆ గోడల మధ్య సిగ్నల్ గీతలు రాలేదు. కిందిదాకా దిగిపోయి లిఫ్టెక్కితే ఇంకా అందుకోవచ్చని తెలుసు. తెలిసి కూడా తలుపు తడుతూనే నిలబడింది. చేతులు వాచేదాకా.

చివరికి ఎవరో చీపురు పట్టుకున్నామె అటుగా వస్తూ విని తలుపు తీసింది. దిగులమ్మ లోపలికి పరిగెత్తేసరికి బల్ల మీద అక్క ఒక్కతే కూర్చుని ఉంది. బావ నిలబడి ఉన్నాడు.

"పిలిచారు. రెండుసార్లు పిలిచారు" అంది అక్క. "మీ బావ కిందికెళ్ళి వెతికొచ్చారు కూడా. నువ్వు లేవని పిల్లనొక్కదాన్నే తీసుకెళ్ళారు."

కాసేపటికి గువ్వ బయటికొచ్చి అక్క పక్కన కూర్చుంది, తల ఎత్తలేదు. అధికారి దిగులమ్మని లోపలికి పిలిచింది. బల్ల మీద ఫోనులోంచి ఎవరో తెలుగాయన, మొహం కనపడని మనిషి, ఆవిడ మాటల్ని తెలుగులో చెప్పాడు. "అమ్మాయి ఇక్కడ ఉండటం ఇష్టం లేదని చెప్పిందమ్మా."

"భయపడి అనుంటుంది. ఇంకొక్కసారి అడగమనండి బాబూ."

ఆయన అడిగాడు, విన్నాడు. "రెండుసార్లు అడిగారటమ్మా. ఎవరైనా అనమన్నారా అని కూడా అడిగారట. ఎవరూ అనమనలేదంది. మళ్ళీ పెట్టుకోవాలంటే ఏడాది ఆగాలి. ఏడాదికి పిల్లకి పదమూడు దాటుతుంది కదా. దీన్ని ఇంతటితో ముగిస్తున్నారు." ఆయన గొంతు కూడా కాస్త తగ్గింది. "ఉంటానమ్మా" అన్నాడు. ఫోను పెట్టేశారు.

కిందికి దిగేటప్పుడు గువ్వ లిఫ్టు వైపు వెళ్ళలేదు. "నేను పిన్నితో దిగుతా" అంది. ఇద్దరూ మెట్ల దారి పట్టారు. రెండంతస్తులు దిగారు.

"కోపమా పిన్నీ?"

"కోపం కాదమ్మా. పక్కన కడ్డీ పట్టుకో."

పట్టుకుంది. "ఇష్టమనే చెప్దామనుకున్నా. ఒట్టు. వాళ్ళు మీ అమ్మ ఏదన్నారు. మెట్లెక్కి వస్తోందన్నా. ఎందుకన్నారు. లిఫ్టంటే భయమన్నా. నీకూ భయమా అన్నారు."

"ఏమన్నావు?"

"ఇదివరకు లేదు అన్నా."

ఇంకో అంతస్తు దిగారు. గువ్వ ఒక్కో మెట్టూ చూసుకుని మరీ కాలు వేస్తోంది.

"పొద్దున ఇక్కడ లిఫ్టెక్కితే నాకు చెమటలు పట్టేశాయి పిన్నీ. నాన్న చొక్కా పట్టుకున్నా. పొయ్యి కట్టేశానా లేదా అని దారంతా అదే. నేనట్లా ఉండేదాన్ని కాదు. అక్కడ మా మేడ మీద పిట్టగోడెక్కి నడుస్తా తెలుసా?"

"పిట్టగోడా?" అంది దిగులమ్మ, మెట్టు మీద ఆగిపోయి. "ఎంత ఎత్తు?"

గువ్వ తల్లి మొహం చూసింది. జాలిగా చూసింది. "చూశావా" అంది మెల్లగా. "నువ్వంటే ఇష్టం లేక కాదు. నీ దగ్గరుంటే నేనూ నీలాగే అయిపోతా."

దిగులమ్మ కడ్డీ పట్టుకుని నిలబడింది. నిప్పు, నీళ్ళు, గాలి, కిటికీ, జనం, లిఫ్టు, ఇన్నేళ్ళలో పిల్లకి రాగల ఆపదలన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఆ లెక్కలో తను లేదు.

మర్నాడు అక్క అలమరలో సర్దిన గువ్వ బట్టల్ని మళ్ళీ పెట్టెల్లోకి సర్దింది. సర్దుతూ కళ్ళు తుడుచుకుంది. ఆ ఏడుపు చెల్లెలి కోసమో, పిల్ల తనకే మిగిలినందుకో, ఆమెకే తెలియాలి. బావ ఏదో హాస్యమాడబోయి, మధ్యలో మానేసి, బల్ల మూల గుడ్డని సరిగ్గా కట్టాడు.

గుమ్మం దగ్గర ఐదు పెట్టెలూ పెట్టుకుని ముగ్గురూ దిగులమ్మ వంక చూశారు.

"లిఫ్టులో పొండి" అంది. "అక్క మోకాళ్ళు బాలేవు."

తలుపు మూసుకునే లోపు గువ్వ ఒకసారి బయటికి చూసింది. తలుపు మూసుకుంది. దిగులమ్మ మెట్ల మీద పడి పరిగెత్తింది. నూట ఎనిమిది మెట్లూ, బండిని అందుకోవడానికి హోటల్లో పరిగెత్తినట్టే పరిగెత్తింది. కిందికొచ్చేసరికి వాళ్ళు టాక్సీలో పెట్టెలు సర్దేస్తున్నారు.

గువ్వ వచ్చి వాటేసుకుంది. ఈసారి త్వరగా వదల్లేదు. ఏదైనా ఒక మంచి మాట చెప్పాలనుకుంది దిగులమ్మ. పిట్టగోడ మీద నడువమ్మా, నీ ఇష్టం వచ్చినట్టు ఆడుకో, అనాలని ఉంది. నోట్లోంచి మాత్రం, "చలిగాలి తగులుతుంది, స్వెట్టరు జిప్పు పైదాకా వేసుకో" అని వచ్చింది.

గువ్వ పైదాకా వేసుకుంది. "సరే పిన్నీ" అంది. టాక్సీ కదిలింది. మలుపు తిరిగేదాకా అక్క చెయ్యి ఊపుతూనే ఉంది. పిల్ల బెల్టు పెట్టుకుందో లేదో ఇక్కడి నుంచి కనపడలేదు.

లోపలికొచ్చేసరికి నాలుగో అంతస్తు ముసలాయన లిఫ్టులో నిలబడి, తలుపు మూసుకోకుండా చెయ్యి అడ్డం పెట్టి, రమ్మన్నట్టు ఆమె కోసం ఆగాడు. దిగులమ్మ అక్కర్లేదన్నట్టు తలూపింది. ఆయన చెయ్యి తీశాడు. తలుపు మూసుకుంది.

ఆమె కడ్డీ పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. తొందరేమీ లేదు. పైన ఎవరూ లేరు.